బండి జాడ వేరు, డ్రైవరు జాడ వేరు

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, ఒక పూట పని మానుకుని వచ్చిన డ్రైవరు సోదరులకు, లారీ యజమానులకు, వెనక వరుసల్లో నిలబడి వింటున్న న్యాయ కళాశాల విద్యార్థులకు నా నమస్కారాలు.

వాహనాల జాడ తీసే పరికరాల గురించి, ఆ వాహనం నడిపే మనిషి వ్యక్తిగత గోప్యత గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బండి ఎక్కడుందో తెలుసుకోవలసిన అవసరం యజమానికీ, ప్రయాణికుడికీ, ప్రభుత్వానికీ నిజంగానే ఉంది. అయితే ఆ అవసరం డ్యూటీతో మొదలై డ్యూటీతో ముగిసిపోతుంది. డ్యూటీ దిగిన తర్వాత కూడా అంతే నిశితంగా జాడ వెళుతూ ఉంటే అది బండి జాడ కాదు, మనిషి జాడ. ఈ రెండింటి మధ్య గీత గీయడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. కొన్ని దేశాలు గీశాయి కూడా. మన నియమాలు రాసినవారికి ఆ ఆలోచన రాలేదు, లేదా వచ్చినా పక్కన పెట్టారు.

ముందు పరికరం సంగతి చూద్దాం, ఎందుకంటే దాని మీద ఉన్న అపోహ చిన్నది కాదు. ఉపగ్రహం మనల్ని పైనుంచి చూస్తోందని డ్రైవర్లు అంటూ ఉంటారు. ఉపగ్రహం ఎవరినీ చూడదు. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తామున్న చోటునూ, సమయాన్నీ ఎడతెగకుండా ప్రసారం చేస్తూ ఉంటాయి, అంతే. బండిలోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, అవి తనను చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి తానెక్కడుందో తానే లెక్క వేసుకుంటుంది. ఇంట్లో రేడియో పెట్టె వార్తలు వింటుందే తప్ప తిరిగి మాట్లాడలేదు కదా, జీపీఎస్ రిసీవరు కూడా అంతే. మాట్లాడేది దాని పక్కన బిగించిన సిమ్. ఆ సిమ్ సెల్ టవరు ద్వారా ఒక సర్వరుకు పంపే సందేశంలోనే జాడ అంతా ఉంది. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్నలు ఆకాశం గురించి కాదు, ఆ సందేశం గురించి: అది ఎంత తరచుగా వెళుతుంది, ఎవరికి వెళుతుంది, అక్కడ ఎన్నాళ్లు నిలువ ఉంటుంది, దాన్ని ఎవరు తెరిచి చూడగలరు.

ఆ సందేశంలో ఏముంటుందో దగ్గరగా చూద్దాం. మన దేశంలో ఈ పరికరాలకు ఏఐఎస్-140 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం వెళ్లే ప్రతి సందేశంలో పరికరాన్ని గుర్తించే ఐఎంఈఐ నంబరు, బండి రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, సమయం, అక్షాంశం, రేఖాంశం, వేగం, బండి ముఖం ఏ దిక్కున ఉంది, ఇగ్నిషన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, ప్రధాన బ్యాటరీ తీగ కలిసే ఉందా, పరికరం మూత ఎవరైనా విప్పారా, దగ్గరలో ఏ సెల్ టవర్లున్నాయి, అత్యవసర బటన్ నొక్కారా లేదా అనేవి వరుసగా ఉంటాయి. బ్యాటరీ తీగ తెంపినా నాలుగు గంటల పాటు పనిచేసే సొంత బ్యాటరీ లోపల ఉంటుంది. నెట్‌వర్క్ అందని ఘాట్ రోడ్డులో సందేశాలను దాచుకొని, సిగ్నల్ రాగానే అన్నీ ఒక్కసారిగా పంపేస్తుంది. ఇన్ని వివరాలున్న ఆ వరుసలో డ్రైవరు పేరు మాత్రం ఉండదు. పేరు లేదు కాబట్టి ఇది బండి సమాచారమే తప్ప మనిషి సమాచారం కాదని పరికరాలు అమ్మేవారు వాదిస్తారు. ఆ వాదన ట్రిప్ షీటు ముందు నిలవదు. ఫలానా తేదీన ఫలానా నంబరు లారీ ఎక్కింది ఎవరో యజమాని బల్ల సొరుగులోని కాగితం చెబుతుంది. ఆ కాగితాన్నీ, ఈ సందేశాన్నీ పక్కపక్కన పెడితే ఒక మనిషి దినచర్య నిమిషాలతో సహా బయటపడుతుంది.

ఈ పరికరం మన బండ్లలోకి ఎందుకు వచ్చిందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో నడుస్తున్న ప్రైవేటు బస్సులో జరిగిన ఘోరం తర్వాత ప్రజా రవాణాలో మహిళల భద్రత గురించి దేశమంతా ప్రశ్నించింది. ఆ మరుసటి ఏడాది 1,000 కోట్ల రూపాయలతో నిర్భయ నిధి ఏర్పడింది. 2016 నవంబరులో కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 125-హెచ్ అనే నియమాన్ని చేర్చి, ప్రయాణికుల వాహనాలకు జాడ తెలిపే పరికరం, అత్యవసర బటన్లు తప్పనిసరి చేశారు. ద్విచక్ర వాహనాలనూ, ఆటోలనూ, ఈ-రిక్షాలనూ మినహాయించారు. గడువులు మారుతూ వచ్చి చివరకు 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త వాహనాలకు ఇది అమల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 నవంబరులో విశాఖపట్నంలో అభయం పథకాన్ని మొదటి విడతగా వెయ్యి ఆటోలతో ప్రారంభించి, కేంద్ర నియమం వదిలేసిన ఆటోలకు కూడా ఇలాంటి పరికరాలనే తెచ్చింది. రాత్రివేళ ఒంటరిగా బండెక్కిన ఆడపిల్లకు చేతికందే దూరంలో ఒక ఎర్ర బటన్ ఉండాలనడాన్ని నేను తప్పుపట్టను. అది తప్పనిసరిగా ఉండాలి, నొక్కితే పలకాలి కూడా.

అయితే ఆపద వేళ పలికే బటన్‌కూ, రాత్రింబవళ్లు జాడ పంపే యంత్రానికీ మధ్య విడదీయరాని బంధమేమీ లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2018 మార్చి 31 నుంచి కొత్త రకం కార్లన్నింటికీ ఈకాల్ అనే ఏర్పాటు తప్పనిసరి చేశారు. కారు ప్రమాదానికి గురైనప్పుడు గానీ, లోపలివారు బటన్ నొక్కినప్పుడు గానీ అది 112 నంబరుకు తనంతట తానే ఫోన్ చేసి, కారు ఎక్కడుందో, ఏ దిశగా వెళుతోందో పంపుతుంది. మిగిలిన సమయమంతా మౌనంగా ఉంటుంది. నిరంతరం జాడ తీయడానికి వీలుండకూడదనీ, లోపలి మెమరీలో ఉండే స్థల వివరాలు ఎప్పటికప్పుడు చెరిగిపోతూ చివరి కొద్ది స్థానాలు మాత్రమే మిగలాలనీ ఆ చట్టంలోనే రాశారు. అంటే ప్రాణం కాపాడే పని అక్కడా జరుగుతోంది, ఇక్కడా జరగాలని ఆశిస్తున్నాం. తేడా ఏమిటంటే, అక్కడి పరికరం అవసరం వచ్చినప్పుడు నోరు విప్పుతుంది, మన పరికరానికి నోరు మూయడం నేర్పలేదు. బస్సు ఎప్పుడు వస్తుందో చెప్పే యాప్ కావాలంటే నిరంతర జాడ అవసరమే, ఒప్పుకుంటాను. ఏపీఎస్ఆర్టీసీ లైవ్‌ట్రాక్, తెలంగాణ ఆర్టీసీ 2023లో తెచ్చిన గమ్యం యాప్ ప్రయాణికులకు ఎంతో ఉపయోగపడుతున్నాయి. కానీ ఆ అవసరం బస్సు డిపో గేటు దాటినప్పుడు మొదలై తిరిగి డిపోలోకి వచ్చాక ముగుస్తుంది. అద్దె కారు నడుపుకునే మనిషి రాత్రి తన ఇంటి ముందు కారు నిలిపాక జాడ వెళ్లడానికి ఏ ప్రయాణికుడు కారణం?

జాడ తీసేది ఈ ఒక్క పెట్టె మాత్రమే కాదు. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్‌గేట్లన్నింటిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. అద్దం మీద అంటించిన ఆ చీటీలో బ్యాటరీ ఉండదు. గేటు దగ్గరి రీడరు పంపిన రేడియో తరంగాల శక్తితోనే అది తన నంబరు చెబుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు నుంచి విజయవాడ వచ్చే లారీ పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు గేట్లు దాటినప్పుడల్లా ఫాస్టాగ్ ఎవరి ఫోన్ నంబరు మీద ఉంటే వారికి డబ్బులు తెగిన సందేశం వెళుతుంది. మామూలుగా ఆ నంబరు యజమానిది. కొర్లపహాడ్ దాటిన లారీ చిల్లకల్లు సందేశం ఎంతసేపటికీ పంపకపోతే సూర్యాపేటలోనో, కోదాడలోనో ఆగిందని కూర్చున్నచోటు నుంచే తెలిసిపోతుంది, వెంటనే డ్రైవరు ఫోను మోగుతుంది. అంటే లారీలో జీపీఎస్ లేదని నిశ్చింతగా ఉండే డ్రైవరుకు కూడా జాడ ఉంది, కాకపోతే అది చుక్కలు చుక్కలుగా ఉంటుంది.

ఆ చుక్కలను గీతగా మార్చే ఆలోచన కూడా వచ్చింది. 2024 సెప్టెంబరులో టోల్ నియమాలను సవరించి, ఉపగ్రహాల ఆధారంగా ప్రయాణించిన దూరానికి రుసుము తీసుకునే పద్ధతికి చోటు కల్పించారు. నేషనల్ పర్మిట్ బండ్లు తప్ప, అలాంటి పరికరం ఉన్న వాహనానికి రోజుకు ఒక్కో దిశలో 20 కిలోమీటర్ల వరకు రుసుము ఉండదని రాశారు. దేశమంతటా దాన్ని అమలు చేసే నిర్ణయమేదీ తీసుకోలేదని 2025 ఏప్రిల్‌లో కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది గానీ ఆ నియమం పుస్తకంలో ఉండనే ఉంది. ఇలాంటి పద్ధతి జర్మనీలో బరువు లారీలకు 2005 జనవరి నుంచే నడుస్తోంది. అక్కడి చట్టం ఒక్క మాట ఖండితంగా చెప్పింది: టోల్ కోసం సేకరించిన సమాచారం టోల్‌కు మాత్రమే, పోలీసులు అడిగినా ఇవ్వడానికి వీల్లేదు. మనకు అంత కఠినంగా ఉండాలా అన్నది చర్చించుకోవచ్చు. హత్య కేసులో నిందితుడి కారు ఏ గేటు దాటిందో పోలీసులకు తెలియకూడదని వాదించడం నాకే కష్టం. కానీ ఏ అధికారి, ఏ స్థాయివాడు, ఎవరి అనుమతితో అడగాలో చట్టంలో ఉండటం, అడిగినవారికల్లా ఇచ్చేయడం ఒకటి కావు.

ఇచ్చేయడం అంటే గుర్తొచ్చింది, వాహన్, సారథి సమాచారం సంగతి యువకులకు తెలిసి ఉండకపోవచ్చు. మన బండ్ల రిజిస్ట్రేషన్లు, లైసెన్సుల వివరాలున్న ఆ భాండాగారాలను 2019లో ఒక విధానం ప్రకటించి కంపెనీలకు ఏడాదికి 3 కోట్ల రూపాయలకూ, విద్యాసంస్థలకు 5 లక్షలకూ ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే 87 ప్రైవేటు సంస్థలకు ఆ వివరాలు అందుబాటులో ఉన్నాయనీ, దాని ద్వారా 65 కోట్ల రూపాయలు వచ్చాయనీ అదే ఏడాది పార్లమెంటుకు చెప్పారు. దుర్వినియోగం, గోప్యత భయాల కారణంగా 2020 జూన్‌లో ఆ విధానాన్ని రద్దు చేశారు. రద్దు చేయడం మంచిదే. అప్పటికే అమ్మిన ప్రతులను వెనక్కి రప్పించే దారి ఏ విధానానికీ లేదు.

ఇక న్యాయం వైపు వస్తాను. ఇక్కడ కొంచెం నిలబడి మాట్లాడాలి, ఎందుకంటే మనిషి కదలికల మీద నిఘా గురించి మన సుప్రీంకోర్టులో వినిపించిన మొదటి బలమైన గొంతు ఒక తెలుగువాడిది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా అతని పేరు మీద పోలీసులు హిస్టరీ షీటు, అంటే నిఘా ఉంచవలసినవారి చిట్టా, తెరిచారు. అప్పటి నుంచి కానిస్టేబుళ్లు, గ్రామ చౌకీదారు అర్ధరాత్రి అతని ఇంటికి వచ్చి తలుపు తట్టి, నిద్ర లేపి, ఉన్నాడో లేడో చూసుకొని వెళ్లేవారు. ఊరు దాటితే ఎక్కడికి వెళుతున్నాడో, ఎప్పుడు తిరిగొస్తాడో చెప్పాలి. వెళ్లిన ఊరి పోలీసులకు కబురు ముందే అందుతుంది. అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటి మీదికి వెళ్లడం చెల్లదని అందరూ అన్నారు. కానీ దూరం నుంచి కదలికలు గమనించడం, రాసుకోవడం తప్పు కాదనీ, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదనీ అధిక సంఖ్యాకుల తీర్పు చెప్పింది.

జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. రాజమహేంద్రవరంలో పుట్టి, గుంటూరులో వెలసిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయిన ఆయన, జస్టిస్ షాతో కలిసి విడిగా తీర్పు రాశారు. స్వేచ్ఛగా తిరిగే హక్కు అంటే కాళ్లకు సంకెళ్లు లేకపోవడం ఒక్కటే కాదన్నారు. వెంట ఒక నీడ ఉందని తెలిసిన మనిషి తిరుగుతాడు గానీ మరబొమ్మలా తిరుగుతాడు, పోలీసుల చూపు కింద కదలడాన్ని స్వేచ్ఛగా కదలడం అని ఎలా అంటారు, అతనికి దేశమంతా జైలే అని రాశారు. సంకెళ్లు వేయకుండా, గోడలు కట్టకుండా ఒక మనిషిని బంధించవచ్చునని గుర్తించడానికి ఆయనకు జీపీఎస్ అవసరం కాలేదు. చౌకీదారు లాంతరు చాలింది.

ఆ మాటకు న్యాయం జరగడానికి 55 ఏళ్లు పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించి, ఖరక్ సింగ్ తీర్పులో అది లేదన్న భాగాన్ని కొట్టివేశారు. గోప్యతలోకి చొరబడాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరమో అంతకు మించకూడదు. ఈ మూడో షరతు మన విషయానికి ఆయువుపట్టు. 2024 జూలైలో మరో అడుగు పడింది. మాదకద్రవ్యాల కేసులో బెయిలు పొందిన ఫ్రాంక్ వైటస్ అనే నిందితుడు తన ఫోనులోని గూగుల్ మ్యాప్స్ ద్వారా తానున్న చోటు దర్యాప్తు అధికారులకు తెలిసేలా ఉంచాలని ఢిల్లీ హైకోర్టు షరతు పెట్టింది. బెయిలు మీద ఉన్నవాడి కదలికలను పోలీసులు నిరంతరం తెలుసుకునేలా చేసే షరతు గోప్యత హక్కును భంగపరుస్తుందని సుప్రీంకోర్టులో జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. ఒక్క క్షణం ఆలోచించండి. తీవ్రమైన నేరారోపణ ఉన్న మనిషి మీద పోలీసులకు లేని అధికారం, ఏ నేరమూ ఎరగని డ్రైవరు మీద అద్దె కార్ల కంపెనీకి ఉంది.

ఎలా ఉంది అని విద్యార్థులు అడగవచ్చు. ప్రాథమిక హక్కులు ప్రధానంగా రాజ్యానికి ఎదురుగా నిలబడతాయి. యజమాని ప్రైవేటు వ్యక్తి. అతన్ని కట్టడి చేయాల్సింది మామూలు చట్టం. ఆ చట్టం 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం రూపంలో వచ్చింది. అందులోని 7వ సెక్షన్ ఉద్యోగ ప్రయోజనాల కోసం, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడం కోసం ఉద్యోగి అనుమతి లేకుండానే అతని సమాచారాన్ని వాడుకోవచ్చని చెబుతుంది. డ్యూటీ వేళల్లో అని గానీ, పని మీద ఉన్నంత వరకే అని గానీ ఆ వాక్యంలో లేదు. అదే చట్టం కింద 2025 నవంబరులో వచ్చిన నియమాల్లో బడి పిల్లల విషయం చూడండి. పిల్లల జాడ తీయడం సాధారణంగా నిషిద్ధం. బడి బస్సు నడిపించే సంస్థకు మినహాయింపు ఇచ్చారు, కానీ దానికి హద్దు పెట్టారు: పిల్లలు బడికి వెళ్లి వచ్చే ప్రయాణ సమయంలో, వారి భద్రత కోసం మాత్రమే. ఎంత చక్కని వాక్యం! జాడ ఎందుకో, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో ఒక్క వరుసలో చెప్పేశారు. ఆ బస్సులోనే ముందు సీటులో కూర్చున్న డ్రైవరుకు అలాంటి వరుస రాయడానికి చేతులు రాలేదు.

ఇప్పుడు లారీ క్యాబిన్‌లోకి వెళదాం. ఆఫీసు ఉద్యోగి సాయంత్రం పని బల్ల వదిలి ఇంటికి వెళతాడు. దూరప్రాంతాల లారీ డ్రైవరు ఎక్కడికి వెళతాడు? స్టీరింగు వెనక ఉన్న చెక్క మంచమే అతని పడకగది, టైర్ల పక్కన స్టవ్వు పెట్టిన చోటే వంటగది. విజయవాడ ఆటోనగర్‌లో రిటర్న్ లోడు దొరికే వరకు రోజుల తరబడి లారీలోనే కాపురం. అందువల్ల అతని విషయంలో బండి జాడను, ఇంటి జాడను విడదీయడం కష్టం. విడదీయవలసిన అవసరం కూడా అందుకే ఎక్కువ. యజమాని ఫోనులోని యాప్‌లో హాల్ట్ రిపోర్టు అని ఒకటి ఉంటుంది. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంతసేపు బండి ఆగిందో వరుసగా చూపిస్తుంది. ఆ వరుసల్లో డీజిల్ బంకు ఉంటుంది, డాబా ఉంటుంది. గుడి, మసీదు, చర్చి కూడా ఉంటాయి. క్షయ మందులు ఇచ్చే ఆసుపత్రి, యూనియన్ ఆఫీసు, ఎన్నికల సభ జరిగిన మైదానం, ఎవరికీ చెప్పుకోని ఒక బంధువు ఇల్లు కూడా ఉంటాయి. డీజిల్ దొంగతనం కనిపెట్టడానికి పెట్టుకున్న రిపోర్టు ఇవన్నీ చూపించకుండా ఉండలేదు, ఎందుకంటే బండి ఎందుకు ఆగిందో దానికి తెలియదు, ఆగడమే తెలుసు.

దీనికి దారి లేదా అంటే అమెరికా లారీల నియమం ఒకటి చెబుతాను. అక్కడ డ్రైవర్లు ఎన్ని గంటలు నడిపారో నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం 2017 డిసెంబరు నుంచి తప్పనిసరి. అంతకు ముందు 2010లో తెచ్చిన ఇలాంటి నియమాన్ని డ్రైవర్ల సంఘం కోర్టుకు ఈడ్చింది. ఈ పరికరంతో యజమానులు డ్రైవర్లను వేధించకుండా ఏ జాగ్రత్త తీసుకున్నారో ప్రభుత్వం చెప్పలేకపోయిందని 2011లో అప్పీళ్ల కోర్టు ఆ నియమాన్ని రద్దు చేసింది. ప్రభుత్వం మళ్లీ కూర్చుని రాసుకుంది. కొత్త నియమంలో వేధింపు అంటే ఏమిటో నిర్వచించి దాన్ని నిషేధించారు. దానికి తోడు పరికరం తయారీలోనే ఒక ఏర్పాటు పెట్టారు. డ్యూటీలో ఉన్నప్పుడు స్థలాన్ని ఒక మైలు కచ్చితత్వంతో నమోదు చేసే పరికరం, యజమాని అనుమతితో సొంత పనికి బండి తీసుకెళుతున్నానని డ్రైవరు బటన్ నొక్కగానే సుమారు 10 మైళ్ల, అంటే 16 కిలోమీటర్ల, పరిధిలో మాత్రమే చెబుతుంది. లారీ ఏ ఊరి చుట్టుపక్కల ఉందో తెలుస్తుంది, ఏ వీధిలో ఉందో తెలియదు. దొంగలెత్తుకుపోతే వెతకడానికి ఒక ఆధారం ఉంటుంది, డ్రైవరు ఏ ఆసుపత్రికి వెళ్లాడో బయటపడదు. డ్యూటీలో కూడా ఒక మైలు చాలనుకున్నారన్నది గమనించండి. మన పరికరాలు కొద్ది మీటర్ల తేడాతో చెబుతాయి. సాఫ్ట్‌వేరులో దశాంశ స్థానాలు తగ్గించే పని ఇది. కొత్త ఉపగ్రహం ఎగరేయనక్కర్లేదు.

యజమానులు నొచ్చుకోకూడదు, వారి పక్షం కూడా నాకు తెలుసు. పాతిక లక్షల లారీ, దాని మీద అంతకు మించిన విలువ ఉన్న సరుకు, బ్యాంకు వాయిదా, ఇవన్నీ ముక్కూ ముఖం తెలియని రహదారి మీద వదిలిపెట్టి ఇంట్లో నిద్రపోయే మనిషికి కొంత భరోసా కావాలి. జాడ డ్రైవరుకూ మేలు చేస్తుంది. ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు నిలబెట్టి అన్‌లోడు చేయకుండా, హాల్టింగ్ చార్జీలు ఇవ్వమంటే నిన్ననే కదా వచ్చావని బుకాయించే గుమస్తా ముందు ఆ రిపోర్టు కంటే మంచి సాక్షి లేదు. చేయని యాక్సిడెంటు మెడకు చుట్టుకున్నప్పుడూ అంతే. ఇక్కడే అసలు అన్యాయం ఉంది: ఆ సాక్షి యజమాని ఫోనులో ఉంటాడు, డ్రైవరు ఫోనులో ఉండడు.

పని గంటల సంగతి తీసుకోండి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, దూరప్రయాణాల్లో 10 గంటల వరకు అని హద్దు పెట్టింది. 5 గంటలకు మించి ఏకబిగిన నడపకుండా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఆ చట్టం కలిసిపోయింది, 8 గంటల పరిమితి మాత్రం కొనసాగుతోంది. ఇగ్నిషన్ ఎప్పుడు ఆన్ అయిందో, చక్రం ఎంతసేపు తిరిగిందో క్షణాలతో సహా రాసిపెట్టే యంత్రం బండిలోనే ఉంది కదా. ఓవర్‌స్పీడు అయితే యజమానికి సందేశం పంపే ఆ యంత్రం, ఈ డ్రైవరు పదకొండో గంట నడుపుతున్నాడు, ఆపించండి అని సందేశం పంపడం నేను ఎక్కడా చూడలేదు. పంపలేక కాదు. ఆ అలర్టు కావాలని అడిగే కొనుగోలుదారు లేడు. పరికరాన్ని కొనేది ఎవరో వారి ప్రశ్నలకే అది జవాబు చెబుతుంది.

వాయిదాల మీద బండి కొన్న సొంత డ్రైవర్ల పరిస్థితి ఇంకో రకం. తానే యజమాని, తానే డ్రైవరు, అయినా జాడ అప్పిచ్చినవారి దగ్గర ఉంటుంది. కొన్ని పరికరాల్లో దూరం నుంచి ఇంజన్ స్టార్టు కాకుండా చేసే రిలే కూడా బిగిస్తారు. అప్పు కాగితాల్లో ఇది ఏ పేజీలో, ఎంత చిన్న అక్షరాల్లో ఉంటుందో సంతకం పెట్టినవారిని అడిగితే చెప్పలేరు. వాయిదా తప్పితే వసూలుకు చట్టం చెప్పిన పద్ధతులున్నాయి. పేషెంటు ఉన్న కారును నడిరోడ్డు పక్కన కదలకుండా చేయడం ఆ పద్ధతుల్లో ఒకటి కాదు.

బీమా గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. 2022 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, నడిపినంత దూరానికే, నడిపే తీరును బట్టే ప్రీమియం కట్టే అదనపు పాలసీలకు అనుమతి ఇచ్చింది. తక్కువ తిరిగేవారికి అది లాభమే. అయితే అమెరికాలో ఏం జరిగిందో అక్కడ కార్లు నడుపుతున్న మన పిల్లలను అడగండి. జనరల్ మోటార్స్ తన కార్ల నుంచి ఎక్కడికి వెళ్లారు, ఎంత గట్టిగా బ్రేకు వేశారు అనే వివరాలు సేకరించి, అవి బీమా కంపెనీలకు నివేదికలిచ్చే సంస్థలకు చేరేలా అమ్మింది. సరైన అనుమతి తీసుకోలేదని 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకొని, అలాంటి సంస్థలకు ఐదేళ్ల పాటు ఆ సమాచారం ఇవ్వకూడదని కట్టడి చేసింది. బండి కొన్నప్పుడు తాళంచెవి చేతికిచ్చారు, జాడ తాళంచెవి మాత్రం షోరూములోనే ఉండిపోయింది.

మరి మన ముందున్న పని ఏమిటి? డేటా పరిరక్షణ చట్టంలోని ప్రధాన బాధ్యతలు నియమాలు వచ్చిన 18 నెలలకు, అంటే 2027 మే నాటికి, అమల్లోకి వస్తాయి. అప్పటికి పనిచేసుకోవడానికి సంఘాలకు వ్యవధి ఉంది. కేంద్రాన్ని అడగవలసింది ఏఐఎస్-140 ప్రమాణంలో డ్యూటీ, సొంత సమయం అనే రెండు స్థితులను చేర్చమని, రెండో స్థితిలో బటన్ తప్ప మిగిలిన సమాచారం ఊరి స్థాయికి పరిమితం చేయమని. బడి పిల్లలకు రాసిన వాక్యాన్నే డ్రైవర్లకూ రాయమని అడగడానికి సిగ్గుపడనక్కర్లేదు.

కేంద్రం కదిలే వరకు ఆగవలసిన అవసరం కూడా లేదు. లారీ యజమానుల సంఘం, డ్రైవర్ల సంఘం ఒకే గదిలో కూర్చుంటే సగం పని ఈ ఊళ్లోనే అయిపోతుంది. యాప్ లాగిన్ ట్రిప్పు నడిపే డ్రైవరుకు కూడా ఇవ్వడానికి అదనపు ఖర్చు లేదు. చాలా యాప్‌లలో రెండో యూజరును చేర్చే సదుపాయం ఇప్పటికే ఉంది. సరుకు దించి ట్రిప్ షీటు మీద సంతకం అయిన గంట నుంచి, మళ్లీ లోడు ఎక్కే వరకు హాల్ట్ రిపోర్టు తెరవకూడదని, దొంగతనం, ప్రమాదం వంటి కారణం ఉంటే డ్రైవరుకు చెప్పి తెరవవచ్చని ఒక వాక్యం ఆ షీటు కింద అచ్చు వేయించవచ్చు. కిరాయి, హాల్టింగ్, డీజిల్ లెక్కలు తేలిన మూడు నెలల తర్వాత పాత జాడను చెరిపేయమని పరికరం అమ్మిన సంస్థకు రాయవచ్చు. అన్నిటికంటే ముందు ఒక పని రేపు పొద్దునే చేయవచ్చు. పరికరం బిగించిన మెకానిక్ ఆ రోజు పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డు చాలా లారీలకు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. బండి నంబరే యూజర్ నేమ్, 123456 పాస్‌వర్డు. మీ లారీ ఈ క్షణాన ఎక్కడుందో ఎంతమందికి తెలుసో ఆ పాస్‌వర్డు మార్చే వరకు మీరే చెప్పలేరు.

సమయం మించినా ఓపికగా విన్నారు. ప్రశ్నలుంటే అడగండి, యజమానుల వైపు నుంచి ముందు వస్తే మరీ సంతోషం.